ఆరుగురిలో ఒకరు కావడం: హవాయి పడవలో తెడ్డు వేయడం ఎలా

మొదటి రోజు సాధనకు వెళ్ళేసరికి పడవ ఇంకా ఇసుక మీదే ఉంది. నేను అవతలి పక్కకు వెళ్ళాలి. నలభై అడుగుల పడవ చుట్టూ తిరగడం ఎందుకని, దాని పక్కన కట్టి ఉన్న దుంగను కాలెత్తి దాటబోయాను. ఒక పెద్దావిడ మోచేయి పట్టుకుని ఆపారు. "దాటకూడదు, చుట్టూ తిరిగి రా" అన్నారు. గొంతులో కోపం లేదు. హవాయిలో పెద్దవారిని, చుట్టరికం లేకపోయినా, ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. ఆ విషయంలో మనకూ వాళ్ళకూ తేడా లేదు. "సరే ఆంటీ" అని చుట్టూ తిరిగి వెళ్ళాను. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం, దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టడం చూస్తూ పెరిగినవాడిని. ఆమె మాటకు కారణం అడగాలని అనిపించలేదు.

అప్పటి నుంచి ఆరు సీజన్లుగా హొనొలులులో తెడ్డు వేస్తున్నాను. కొత్తగా వచ్చే తెలుగువారు నన్ను అడిగేవి ఎక్కువగా కండబలం గురించి, తెడ్డు ధర గురించి. నిజానికి ఈ పడవ మీ నుంచి ముందుగా కోరేది ఆ రెండూ కాదు. మిగతా అయిదుగురితో కలిసి కదలడం, పడవను ఇంట్లో పెద్దను చూసినట్లు చూడడం. ఈ రెండూ వస్తే మిగతావన్నీ నేర్చుకోవచ్చు. హవాయిలోనే కాదు, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లో కూడా ఇలాంటి క్లబ్బులు ఉన్నాయి. మీరు చేరాలనుకుంటే కింది వరుసలో సిద్ధపడండి.

ముందు పడవను తెలుసుకోండి

హవాయి భాషలో పడవను 'వఅ' అంటారు. రెండు అకారాల మధ్య గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. పసిఫిక్‌లోనే ఉన్న తాహితి దీవిలోనూ దాదాపు ఇదే మాట. న్యూజిలాండ్ మావొరీలు 'వాకా' అంటారు.

సన్నని పడవ వేగంగా పోతుంది, కానీ నిలకడ ఉండదు. వెడల్పు పెంచితే నిలకడ వస్తుంది, వేగం పోతుంది. పసిఫిక్ దీవులవారి పూర్వీకులు రెండింటినీ ఒకేసారి సాధించారు. పడవను సన్నగానే ఉంచి, పక్కన కొంత దూరంలో తేలే దుంగ ఒకటి కట్టారు. ఆ దుంగ పేరు 'అమా'. దాన్ని పడవకు కలిపే రెండు వంపు కర్రలు 'ఇయాకో'లు. వీటిని మేకులతో బిగించరు. తాళ్ళతోనో రబ్బరు పట్టీలతోనో చుట్టి కడతారు. అల తాకినప్పుడు ఆ కట్టు కాస్త సాగి సర్దుకుంటుంది. కట్టు కట్టే రోజున మిమ్మల్ని రమ్మంటే తప్పకుండా వెళ్ళండి. ఒక్కొక్క చుట్టూ ముందరి చుట్టును ఎలా బిగిస్తుందో చేత్తో చూస్తే పడవ మీద నమ్మకం కుదురుతుంది.

మన విశాఖ తీరంలో దుంగలు పక్కపక్కన కట్టి చేసే తెప్ప వేరే జాతిది. ఇంగ్లీషువారి కాటమరాన్ అనే మాట తమిళుల 'కట్టుమరం' నుంచి పోయింది. ఇప్పుడు ఆ పేరుతో ప్రపంచమంతా పిలిచేది మాత్రం పాలినేషియన్ల, అంటే హవాయి, తాహితి వంటి పసిఫిక్ దీవులవారి, పద్ధతిలో ఉండే జంట పడవను. శ్రీలంకలో జాలరులు వాడే 'ఒరువ'కు మాత్రం అమాలాంటి పక్కదుంగ ఉంటుంది.

అమా ఎప్పుడూ ఎడమ పక్కనే. 'అమా, ఎడమ' అని రెండుసార్లు అనుకోండి, ఇక మరిచిపోరు. పడవ ఎడమకు ఒరిగితే అమా నీటిలో దిగదు, తేలి ఎదురు నిలుస్తుంది. కుడికి ఒరిగితే మాత్రం అమా గాలిలోకి లేస్తుంది. అప్పుడు దాని బరువు తప్ప అడ్డు ఏమీ ఉండదు. అందుకే ఏ సందేహం వచ్చినా, ఏ భయం వేసినా, ఎడమకే వాలండి.

పోటీలకు వాడే ఆరుగురి పడవ నలభై అడుగుల పైచిలుకు పొడవు, కనీసం 400 పౌండ్ల బరువు, అంటే సుమారు 180 కిలోలు ఉంటుంది. ఇప్పుడు చాలావరకు ఫైబర్‌గ్లాస్‌తో చేస్తున్నారు. అయినా హవాయి రాష్ట్రస్థాయి పోటీల్లో కోఆ అనే చెట్టుతో చేసిన పడవలే దిగాలి. పూర్వం పడవ చేసే ఆచారి అడవికి వెళ్ళి చెట్టు పడగొట్టాక, ఎలెపాయో అనే చిన్న పిట్ట కోసం కాచుకుని ఉండేవాడట. పిట్ట మాను మీద వాలి ముక్కుతో అక్కడక్కడ పొడిస్తే లోపల పురుగు ఉన్నట్టు, ఆ మాను పనికిరాదు. పొడవకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి పోతే మాను గట్టిదన్నమాట. వారి నమ్మకంలో ఆ పిట్ట, పడవలు చేసేవారి దేవత లేయా రూపం. పురుగులు తినే పిట్ట పొడిచిందంటే లోపల పురుగు ఉన్నట్టే కదా. భక్తి, పరిశీలన ఒకే చోట కుదిరిన ఈ పద్ధతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆనందం కలుగుతుంది.

చేరేముందు

ఈత రాకపోతే ముందు ఈత నేర్చుకోండి. దీనికి మినహాయింపు లేదు. బట్టలతో నీటిలో పడి, కంగారు లేకుండా పది నిమిషాలు తేలగలగాలి. ఇక వయసు అడ్డు కాదు. క్లబ్బుల్లో పన్నెండేళ్ళ పిల్లలు ఉంటారు, డెబ్భై దాటినవారూ ఉంటారు. కాళ్ళలో సత్తువ లేనివారికీ ఇందులో చోటు ఉంది. అమా ఉన్న ఒంటరి పడవ టోక్యో పారాలింపిక్స్‌లో మొదటిసారి పోటీగా చేరింది. అందులో మన దేశం నుంచి ప్రాచీ యాదవ్ ఫైనల్ దాకా వెళ్ళింది.

హవాయిలో పందేల సీజన్ వేసవిలో, దూరపు పందేలు శరదృతువులో. కొత్తవారు అంతకు రెండు మూడు నెలల ముందే చేరడం మంచిది. తెడ్డు క్లబ్బే ఇస్తుంది. మీరు తెచ్చుకోవలసినవి తాగేనీళ్ళు, టోపీ, ఎండ లేపనం, త్వరగా ఆరే బట్టలు. ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టండి. పిడికీ వేలికీ మధ్య ఉంగరం ఉంటే గంటలో బొబ్బ లేస్తుంది.

తెడ్డు కొలత ఇలా చూసుకోండి. గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని, తెడ్డును తలకిందులు చేసి పిడిని కుర్చీ మీద, తొడల మధ్య ఆనించండి. కర్ర ఆగి రెక్క మొదలయ్యే చోటు మీ గడ్డానికీ కళ్ళకూ మధ్య రావాలి. చాలా తెడ్లలో రెక్క కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు మీకు దూరంగా, ముందుకు చూడాలి. గరిటెతో తోడినట్టు తనవైపు తిప్పి పట్టుకోవడం కొత్తవారందరూ చేసే పొరపాటు. ఖరీదైన కార్బన్ తెడ్డు మొదటి ఏడాది కొనకండి. మీ పద్ధతి కుదిరేదాకా ఏ పొడవు, ఏ వంపు కావాలో మీకే తెలియదు.

ఒడ్డున పాటించవలసినవి

పడవను, అమాను, తెడ్డును దాటకూడదు. పడవ మీద కూర్చుని కబుర్లు చెప్పుకోకూడదు. పడవలో ఉన్నంతసేపు బూతులు, పోట్లాటలు, ఎవరి మీదా చాడీలు ఉండకూడదు. ఒడ్డున ఉంచినప్పుడు సాధారణంగా ముక్కు సముద్రం వైపు ఉంచుతారు. సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు. కొత్త పడవకు పేరు పెట్టి, ప్రార్థన చేసి నీటిలో దింపుతారు. ఆ పేరుతోనే పిలవండి. మీ క్లబ్బులో పడవల పేర్లు, వాటి అర్థాలు మొదటి వారంలోనే నేర్చుకుంటే పెద్దలు సంతోషిస్తారు. న్యూజిలాండ్‌లో అయితే మావొరీ ప్రార్థన ఉంటుంది. తెలియకపోతే తల వంచుకుని మౌనంగా నిలబడడం ఎక్కడైనా తప్పు కాదు.

కొందరు వీటిని ఆటకు పైన అద్దిన అలంకారంగా చూస్తారు. నేను అలా అనుకోను. సముద్రానికి వీపు పెట్టనివాడికి వచ్చే పెద్ద అల ముందే కనిపిస్తుంది. అమాను దాటని క్లబ్బులో కట్లు ఎప్పుడూ చెదరవు. మనసులో పోట్లాట పెట్టుకుని కూర్చున్న ఆరుగురి తెడ్లు ఎన్నడూ కలవవు.

పడవను నీటిలోకి మోసేటప్పుడు అందరూ ఒకే మాట మీద ఎత్తాలి. నీళ్ళు మోకాళ్ళు దాటాక, ఎడమ పక్క నుంచి, పడవకూ అమాకూ మధ్య ఉన్న చోటు నుంచి ఎక్కండి. రెండు చేతులు అంచు మీద ఉంచి, ముందు పిరుదులు సీటు మీదకు, తరువాత కాళ్ళు లోపలికి. నిలబడి అడుగు వేస్తే కుడికి ఒరుగుతుంది.

తెడ్డు వేయడం

నీటిలో దిగే ముందు వారం రోజులు ఇంట్లో పీట మీద కూర్చుని, పొడవాటి కర్రతో, అద్దం ముందు చేయండి.

ఎడమ పక్క వేస్తున్నారనుకుందాం. కుడి చేయి పిడి మీద, ఎడమ చేయి కర్ర కింది భాగంలో, రెక్కకు జానెడు పైన. ఎడమ కాలు ముందుకు చాపి పాదం గట్టిగా ఆనించండి. ఇప్పుడు చేతులు కాదు, నడుము తిప్పండి. ఎడమ భుజం ముందుకు పోవాలి, ఛాతీ కుడికి తిరగాలి. చల్ల చిలికేటప్పుడు కవ్వం తాడు చేతులతో లాగినట్టు కనిపిస్తుంది, నిజానికి కదిలేది నడుము, భుజాలు. ఇదీ అంతే. చేతులతోనే లాగేవారు పావుగంటలో అలసిపోతారు. నడుముతో వేసేవారు రెండు గంటలు వేస్తారు.

తరువాత రెక్కను నీటిలో దింపడం. దూకించవద్దు, కొట్టవద్దు. రెక్క మొత్తం మునిగేదాకా లాగడం మొదలుపెట్టవద్దు. సగం మునిగిన రెక్కను లాగితే గాలి బుడగలతో తెల్లటి నురుగు లేస్తుంది. మీ బలం ఆ నురుగులోకే పోయిందని అర్థం. రెక్క శుభ్రంగా దిగితే చప్పుడు దాదాపు ఉండదు.

మునిగాక దాన్ని నేలలో పాతిన గుంజ అనుకోండి. మీరు గుంజను లాగడం లేదు, గుంజ పట్టుకుని పడవను ముందుకు జరుపుతున్నారు. ముందుకు చాపిన పాదాన్ని అదే సమయంలో తన్నిపట్టండి. పైచేయి నీటి మీదుగా ఉండాలి, పడవ మధ్యకు రాకూడదు. వస్తే తెడ్డు ఏటవాలై పడవను పక్కకు నెడుతుంది.

తెడ్డు తుంటి దగ్గరకు రాగానే పక్కకు తీసేయండి. ఇంకాస్త లాగితే బలం ఎక్కువ అవుతుందని అనిపిస్తుంది, అది తప్పు. తుంటి దాటిన రెక్క నీటిని పైకి ఎత్తుతుంది. ఎత్తిన నీటి బరువు పడవను కిందికి తొక్కుతుంది. తీసిన తెడ్డును నీటికి దగ్గరగా, తొందర లేకుండా ముందుకు తీసుకెళ్ళండి. ఈ విరామంలోనే పడవ జారుతుంది, మీకు ఊపిరి అందుతుంది.

ఇక అన్నిటికంటే కష్టమైనది కలిసి వేయడం. మీ ముందు కూర్చున్నవారు అవతలి పక్క వేస్తుంటారు. మీ పక్క వేసేవారు రెండు సీట్ల ముందు ఉంటారు. ఆ రెక్క దిగే క్షణంలోనే మీది దిగాలి. చూసి దింపితే ఆలస్యమే అవుతుంది, కాబట్టి ముందువారి భుజం తిరగడం మొదలైనప్పుడే మీరూ మొదలుపెట్టాలి. నేను మొదటి నెలంతా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగి, పడవకు బ్రేకులు వేశాను. ఒక సాయంత్రం హొనొలులులోని 'అలా వై' అనే కాలువలో శిక్షకుడు అందరినీ కళ్ళు మూసుకుని వేయమన్నారు. మొదట తెడ్లు ఒకదానికొకటి తగిలాయి. తరువాత మెల్లగా, కూర్చున్న చోట కింద ఏదో తెలియసాగింది. ఆరు రెక్కలూ ఒకేసారి దిగినప్పుడు సీటు వెన్నును వెనక నుంచి తోసినట్టు ముందుకు ఉరుకుతుంది, పడవ అడుగున నీరు సన్నగా సరసరమంటుంది. ఒక్కరు తప్పినా ఆ సవ్వడి తెగిపోతుంది. కళ్ళు తెరిచాక నేను సగం బలమే పెట్టాను. పడవ మునుపటి కంటే వేగంగా పోయింది.

పిలుపులు, పక్క మార్చడం

ఒకటి, మూడు, అయిదు సీట్లవారు ఒక పక్క వేస్తే, రెండు, నాలుగు సీట్లవారు రెండో పక్క వేస్తారు. పన్నెండు నుంచి పదహారు తెడ్లకు ఒకసారి పక్క మారుస్తారు. 'హట్' అని పిలుపు వస్తుంది, వెనువెంటనే 'హో'. ఆ మాటతో అందరూ ఒకేసారి మారాలి. హో అన్నాక ఇంకో తెడ్డు వేసి మారాలా, వెంటనే మారాలా అన్నది క్లబ్బును బట్టి ఉంటుంది, ముందే అడగండి. మారేటప్పుడు పైచేయి వదిలి, కిందిచేయి తెడ్డును అవతలికి దాటిస్తూ పైకి జారాలి. లయ ఆగకూడదు.

వినిపించే మాటలు కొన్ని గుర్తుంచుకోండి. 'హొఒమాకౌకౌ' అంటే సిద్ధంకండి, తెడ్డు ఎత్తి ముందుకు పట్టండి. 'ఇముఆ' అంటే ముందుకు. 'లవా' అంటే చాలు, ఆపండి. 'హొఎ' అంటే తెడ్డు వేయడం, తెడ్డు కూడా.

మొదటి సీటువారు లయ నిర్ణయిస్తారు. మధ్యవారు బలం. ఆరో సీటులో ఉండే చుక్కానిదారు 'హోఒకెలె'. నీటిలో ఉన్నంతసేపు ఆ మాటే చివరి మాట. కొత్తవారిని సాధారణంగా రెండు నుంచి నాలుగు సీట్లలో కూర్చోబెడతారు. నాలుగో సీటు ఇస్తే చిన్నబుచ్చుకోకండి. పడవలో చేరిన నీటిని తోడే పని చాలాసార్లు అక్కడిదే. కోసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి మీ కాళ్ళ దగ్గర ఉంటుంది. హవాయివారి సామెత ఒకటి ఉంది: అందరూ కలిసి తెడ్డు వేయండి, తోడండి, వేయండి, వేయండి, తోడండి, నేల చేరతారు. తోడేవాడికీ తెడ్డు వేసేవాడికీ ఆ సామెతలో సమాన స్థానం.

పడవ బోల్తా పడితే

దీన్ని 'హులీ' అంటారు. ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. సముద్రంలోకి వెళ్ళే ముందు లోతు ఉన్న ప్రశాంతమైన నీటిలో కావాలని బోల్తా కొట్టించి సాధన చేయించని శిక్షకుడితో బయటకు వెళ్ళకండి.

నీటిలో పడగానే తెడ్డు వదలకండి. పడవను పట్టుకోండి. తరువాత సీటు సంఖ్యల వరుసలో కేక వేసి చెప్పండి: ఒకటి, రెండు, మూడు... ఆరూ వినిపించేదాకా మరే పనీ లేదు. పడవ కింద ఎవరైనా చిక్కుకున్నారేమో తెలిసేది దీనివల్లే. అందరూ ఉన్నారని తేలాక ఇద్దరు అమా దగ్గరకు వెళ్ళి దాన్ని పైకి నెడతారు. మిగతావారు బోర్లాపడిన పడవ మీదకు ఎక్కి, ఇయాకోలను పట్టుకుని, బరువంతా వెనక్కు వేసి లాగుతారు. అమా లేచి, తల మీదుగా తిరిగి అవతల దబ్బున పడుతుంది. అది పడే చోట ఎవరూ ఉండకూడదు, చుక్కానిదారు ముందే అరిచి చెప్పాలి. లేచిన పడవ నిండా నీళ్ళుంటాయి. ఒకరిద్దరు ఎక్కి తోడుతుంటే మిగతావారు బయట పట్టుకుని ఉండాలి. ఆరుగురూ ఒకేసారి ఎక్కితే మళ్ళీ మునుగుతుంది.

ఎంత దగ్గరగా ఒడ్డు కనిపించినా పడవను వదిలి ఈదకండి. 1976లో హోకులేఆ అనే జంట పడవ, మైక్రోనేషియాలోని సతవాల్ దీవికి చెందిన మౌ పియాయిలుగ్ దారి చూపగా, దిక్సూచి కూడా లేకుండా నక్షత్రాలు, అలల వాలు చూసుకుంటూ హవాయి నుంచి తాహితి చేరింది. తమ పూర్వీకులు దారి తెలిసే ఇంత సముద్రం దాటారని ఆ ప్రయాణం లోకానికి చూపించింది. అదే పడవ 1978 మార్చిలో హవాయిలోని మోలొకాయి దీవి దగ్గర బోల్తా పడింది. అందులో ఉన్న ఎడ్డీ ఐకావు తోటివారిని కాపాడాలని తన సర్ఫ్‌బోర్డు మీద సాయం కోసం బయలుదేరాడు, ఇక తిరిగి రాలేదు. పడవను పట్టుకుని ఉన్న మిగతావారు బతికారు. హవాయిలో ఆయన పేరు తెలియనివారు లేరు. హులీ సాధన రోజున మా శిక్షకుడు ఆయన గురించి చెప్పి, ఒక నిమిషం ఆగి, అప్పుడు పడవ తిప్పమన్నారు.

పందెం మాట

మొదటి ఏడాది వేసవి పందేలు చాలు. జెండా దాకా వెళ్ళి, చుట్టి, తిరిగి రావడం. దూరపు పందేల్లో పెద్దది మోలొకాయి హొఎ. మోలొకాయి నుంచి హొనొలులు ఉన్న ఓఆహు దీవి దాకా కైవీ జలసంధి మీదుగా సుమారు 66 కిలోమీటర్లు. 1952లో మొదలైనప్పుడు మూడే పడవలు దిగాయి, గెలిచిన జట్టుకు దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. ఇప్పుడు మేటి జట్లు అయిదు గంటల్లోపే చేరుతున్నాయి. మధ్యలో సముద్రంలోనే మనుషులు మారతారు. తోడుపడవ నుంచి దూకి, నీటిలో తేలుతూ, దగ్గరకు వచ్చే పడవ అంచు పట్టుకుని ఎక్కాలి. దిగేవారు కుడి నుంచి జారతారు, ఎక్కేవారు ఎడమ నుంచి. మహిళల పందెం 1979లో మొదలైంది. అంతదూరం వేయాలన్న ఆశ మీకు కలిగితే కనీసం రెండు మూడు సీజన్లు ఓపిక పట్టండి.

సాధన ముగిశాక వెంటనే ఇంటికి పోకండి. పడవను అందరూ కలిసి మోసి, చెక్క దిమ్మల మీద దించండి. మంచినీళ్ళతో ఉప్పు పోయేలా కడగండి. ఇయాకో కట్ల మధ్య ఇసుక మిగులుతుంది, దాన్ని వేళ్ళతో తీయండి. ఎక్కడైనా తాడు వదులైనట్టు కనిపిస్తే మీకు మీరే సరిచేయకుండా శిక్షకుడికి చూపించండి. తెడ్లు నీడలో పెట్టండి. చివరికి అందరూ చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు. ఒకరు ప్రార్థన చెబుతారు. అది అయ్యాక చుక్కానిదారుకు 'మహాలో', అంటే కృతజ్ఞతలు, అని చెప్పి, పడవ చుట్టూ తిరిగి బయటకు రండి.